ఆషాఢంలో చలికాలం: దక్షిణార్ధగోళపు స్కీ యాత్ర పుట్టుపూర్వోత్తరాలు

భూమధ్యరేఖకు దక్షిణాన ఋతువులు ఉత్తరానికి తలకిందులుగా నడుస్తాయన్నది బడిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. అయినా ఆ సంగతి ఆధారంగా ఒక యాత్రా సంప్రదాయం, దాని వెంట ఒక వ్యాపారం స్థిరపడటానికి దాదాపు వందేళ్ళు పట్టింది. తెలుగు పంచాంగం ప్రకారం ఆషాఢ, శ్రావణ, భాద్రపద మాసాలు నడిచే కాలంలో చిలీ, అర్జెంటీనా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల కొండలు మంచుతో నిండి ఉంటాయి. ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ మంచు కరిగి, స్కీలు అటకెక్కే వేళకు ఈ కొండలకు బయలుదేరి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అక్కడే గడిపే వారు నేడు వేలల్లో ఉన్నారు. స్కీలంటే పాదరక్షలకు బిగించుకొని మంచువాలు మీద జారడానికి వాడే పొడవాటి సన్నని పలకలు. వాటితో జారడాన్నే స్కీయింగ్ అంటారు. దక్షిణాన స్కీయింగ్‌కు పేరుపడ్డ చోట్లలో మొదటివి చాలావరకు స్కీయింగ్ కోసం వెలసినవి కావు. బంగారం కోసం తవ్విన గుంతలు, రెండు సముద్రాలను కలపడానికి వేసిన రైలుపట్టాలు, సరిహద్దు మీద హక్కు చాటుకోవడానికి కట్టిన హోటళ్ళు, విద్యుత్తు కోసం నిర్మించిన ఆనకట్టలు ముందు వచ్చాయి. వాటి వెంట వెళ్ళిన మనుషులు తమతో స్కీలను కూడా తీసుకుపోయారు. నేటి యాత్రికుడు ఎక్కడ ఎన్ని రోజులు ఉండాలో, ఏ రోజున చేరాలో తేల్చుకొనేటప్పుడు తెలియకుండానే ఆ పాత అవసరాలు గీసిన గీతల వెంటే నడుస్తాడు.

ఈ వరుసలో మొదట చెప్పుకోవలసింది ఆస్ట్రేలియాలోని కియాండ్రా. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు దక్షిణ కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున, చెట్లు పలచగా ఉన్న ఒక మైదానంలో 1859 చివర బంగారం బయటపడింది. మరుసటి ఏడాదికల్లా సుమారు పదివేల మంది అక్కడ గుడారాలు వేసుకున్నారు. కాని పైపైన దొరికే బంగారం త్వరగానే తరిగిపోయింది, చలికాలపు మంచు గని పనిని నిలిపివేసింది. దాంతో ఎంత వేగంగా వచ్చారో అంత వేగంగానూ జనం వెళ్ళిపోయారు. మిగిలిన కొద్ది వందల మందిలో నార్వే దేశస్థులు కొందరు ఉన్నారు. తమ దేశంలో పొరుగూరికి వెళ్ళడానికీ వేటకూ ఎలా స్కీలు వాడేవారో ఇక్కడా అలాగే వాడారు. 1861 నాటి చలికాలంలో కియాండ్రా యువకులు కొండెక్కి మంచు మీద జారుతూ పొద్దుపుచ్చుతున్నారని ఆనాటి పత్రికలు రాశాయి. అక్కడి స్కీ సంఘం తన పుట్టుకను ఆ కాలానికే ముడిపెట్టుకొని, ప్రపంచంలోనే తొలి స్కీ సంఘాల్లో ఒకటిగా చెప్పుకుంటూ వచ్చింది. సంఘం లాంఛనంగా ఏర్పడిన సంవత్సరంపై వాదాలున్నా, ఆల్ప్స్ పర్వతాల్లో స్కీయింగ్ వినోదంగా పాతుకుపోక ముందే ఈ మారుమూల బంగారు పేటలో అది ఊరి పండుగలాగా సాగుతుండేదన్న విషయం మాత్రం తిరుగులేనిది.

కియాండ్రా వారి స్కీలను చూస్తే ఆ పేట స్వభావం అర్థమవుతుంది. దడి కట్టడానికి చీల్చిన పలకలనే ముందు కొస వంపు తిరిగేలా వంచి, మధ్యన కాలివేళ్ళ భాగం మాత్రమే ఇమిడే తోలు పట్టీ బిగించేవారు. మడమ స్వేచ్ఛగా లేస్తుండేది గనుక మలుపులు తిప్పడం కష్టం. అందుకని చేతిలో ఒకే ఒక్క పొడవాటి కర్ర పట్టుకొని, వేగం తగ్గించుకోవలసి వచ్చినప్పుడు దాన్ని రెండు కాళ్ళ మధ్య ఉంచి, దాని మీద కూర్చున్నట్టుగా వాలి మంచును గీరుతూ ఆగేవారు. పోటీలంటే నిటారుగా కిందికి ఎవరు ముందు చేరతారన్నదే. గనుల్లో పని చేసిన చీనీయుల కుటుంబాలు కూడా ఆ ఊళ్ళో ఉండేవి. ఆ కుటుంబాల్లోని బార్బరా యాన్ అనే యువతి స్త్రీల పోటీల్లో పాల్గొని పేరు తెచ్చుకోవడం, జాతిభేదాలు బలంగా ఉన్న ఆ రోజుల్లో కియాండ్రా మంచు కొంత మినహాయింపుగా నిలిచిందని చెప్పడానికి ఆధారం. 1908లో అక్కడ జరిపిన పోటీలను నిర్వాహకులు అంతర్జాతీయమని ప్రకటించుకున్నారు. ఆ మాటలో కొంత ఆర్భాటం ఉన్నా, మంచును చూపించి బయటివారిని రప్పించవచ్చన్న ఆలోచన అప్పటికి ఊపిరి పోసుకుందని అది తెలుపుతుంది.

ఆ ఆలోచనను అందిపుచ్చుకున్నది రాష్ట్ర ప్రభుత్వం. 1909లో కోషియస్కో హోటల్‌ను ప్రభుత్వమే కట్టి తెరిచింది. మరుసటి ఏడాది పొరుగున విక్టోరియా రాష్ట్రంలో మౌంట్ బఫలో విడిది వెలిసింది. కూమా పట్టణం వరకు రైలు, అక్కడి నుంచి మోటారు, ఆపైన హోటల్ అన్న క్రమంలో సిడ్నీ సంపన్నులకు చలికాలపు సెలవు ఒక ఆచారంగా మారింది. కోషియస్కో హోటల్ 1951లో కాలిపోయింది. అప్పటికే ఆ కొండల చరిత్రను మరొక పెద్ద పని మలుపు తిప్పుతోంది. స్నోయీ మౌంటెన్స్ పథకం పేరిట నదులను మళ్ళించి, విద్యుత్తు ఉత్పత్తికీ సాగునీటికీ పదహారు పెద్ద ఆనకట్టలు కట్టిన ఆ పథకం 1949 నుంచి 1974 దాకా సాగింది. అందులో ముప్ఫైకి పైగా దేశాల నుంచి వచ్చిన లక్ష మందికి పైగా పని చేశారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చిన మధ్య ఐరోపావారు వారిలో ఎందరో ఉన్నారు. వారికి మంచు కొత్త కాదు, జారడం అసలే కొత్త కాదు. 1957లో తెరుచుకున్న థ్రెడ్‌బో స్కీ కేంద్రం వెనుక చెకొస్లొవేకియా నుంచి వచ్చిన టోనీ స్పోనార్, ఆస్ట్రియా నుంచి శరణార్థిగా వచ్చిన చార్ల్స్ యాంటన్‌ల చొరవ ఉంది. పథకం కోసం వేసిన రోడ్లు లేకపోతే ఆ లోయకు మోటారు దారే ఉండేది కాదు.

ఆండీస్ పర్వతాల కథ ఇంకా విచిత్రమైనది, ఈ చరిత్రలో అన్నింటికన్నా లోతైనదీ అదే. చిలీలోని లాస్ ఆండెస్ పట్టణాన్ని అర్జెంటీనాలోని మెందోజాతో కలిపే ట్రాన్స్ ఆండీన్ రైలుమార్గాన్ని క్లార్క్ సోదరులు తలపెట్టారు. 1880లలో మొదలైన పని 1910లో గాని పూర్తి కాలేదు. వాలు మరీ నిటారుగా ఉన్న చోట్ల పట్టాల నడుమ పళ్ళ పట్టీ అమర్చి, ఇంజను అడుగున ఉన్న పళ్ళ చక్రం దాన్ని పట్టుకొని పైకి పాకే పద్ధతిని వాడారు. సుమారు 3,200 మీటర్ల ఎత్తున, మూడు కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగం గుండా బండి దేశం దాటేది. ఈ నిర్మాణ కాలంలోనే, గుర్రాలు కూరుకుపోయే మంచులో ఒక శిబిరం నుంచి మరొక శిబిరానికి వెళ్ళడానికి నార్వే పనివారు స్కీలను వాడారు. మార్గం పూర్తయి ప్రయాణికుల బండ్లు నడవడం మొదలయ్యాక, సాన్తియాగో నగరంలోని ఐరోపా సంతతి యువకులకు ఒక ఉపాయం తట్టింది. రైలెక్కి సొరంగం దగ్గర కరాకోలెస్ స్టేషన్‌లో దిగి, స్కీలు తొడుక్కొని కిందికి జారి, దిగువ స్టేషన్‌లో మళ్ళీ బండి పట్టుకొనేవారు. ప్రపంచంలో మరెక్కడా అంత ఖరీదైన స్కీ లిఫ్టు ఉండి ఉండదు. లిఫ్టు అంటే స్కీయర్లను వాలు పైకి చేర్చే యంత్రం. ఆ రోజుల్లో అక్కడ అది ఆవిరి ఇంజను.

ఆ దారిలో, సముద్రమట్టానికి 2,880 మీటర్ల ఎత్తున, 'ఇంకా' అనే సరస్సు ఒడ్డున ఉన్న చిన్న మజిలీ పేరు పోర్తియో. అక్కడ చిలీ ప్రభుత్వం కట్టిన హోటల్ 1949లో తెరుచుకుంది. దాని చుట్టూ ఊరు లేదు, దుకాణాలు లేవు, మరొక బస లేదు. సరస్సుకూ రాతి గోడలకూ నడుమ ఒక్క కట్టడమే ఉంది. స్కీయింగ్ నేర్పడానికి 1930లలో ప్రపంచ విజేతగా నిలిచిన ఫ్రెంచి వీరుడు ఎమిల్ అలే వచ్చాడు. ఆ తర్వాత 1952 ఒలింపిక్స్‌లో స్లాలమ్ పోటీ, అంటే గుంజల మధ్య వంకరటింకరగా జారే పోటీ, గెలిచిన ఆస్ట్రియా వాడు ఓత్మార్ ష్నైడర్ ఆ బాధ్యత తీసుకున్నాడు. గురువులు గొప్పవారే అయినా ప్రభుత్వ నిర్వహణలో హోటల్ నష్టాలపాలైంది. 1961లో వేలానికి వచ్చిన ఆ హోటల్‌ను బాబ్ పర్సెల్, డిక్ ఆల్డ్రిచ్ అనే ఇద్దరు అమెరికన్లు కొన్నారు. నిర్వహణ బాధ్యత బాబ్ సోదరుడి కొడుకు హెన్రీ పర్సెల్ మీద పడింది.

కొత్త యజమానులకు ఎదురైన పెద్ద చిక్కు మంచు కొరత కాదు, మంచు ఎక్కువ కావడం. ఆండీస్‌లో తుపాను పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. పేరుకున్న మంచు ఒక్కసారిగా పట్టు తప్పి కొండవాలు వెంట విరుచుకుపడుతుంది, దీన్నే హిమసంపాతం అంటారు. దాని దారిలో నిలబెట్టిన ఏ ఉక్కు స్తంభమైనా అగ్గిపుల్లే. ప్రపంచ స్కీ పోటీలను పోర్తియోలో జరపాలని అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిర్ణయించిన తర్వాత, ముందటి ఏడాది 1965 ఆగస్టులో సన్నాహక పోటీల వేళ వచ్చిన తుపాను లిఫ్టులను ధ్వంసం చేసింది. పోటీలు వేరే దేశానికి తరలిపోతాయని అందరూ అనుకున్న సమయంలో, ఫ్రాన్సుకు చెందిన పొమా సంస్థ ఆ నేలకే సరిపడే ఒక యంత్రాన్ని రూపొందించింది. వాలు మీద స్తంభాలు ఉండవు. పైన బండరాతికి బిగించిన కప్పీ, కింద మోటారు, మధ్య తీగె మాత్రమే ఉంటాయి. తీగెకు కట్టిన అడ్డకడ్డీలను పట్టుకొని నలుగురైదుగురు స్కీయర్లు పక్కపక్కన నిలబడితే, అది వారిని నిటారు వాలు మీదికి ఒక్క ఊపున విసిరినట్టుగా లాక్కుపోతుంది. పైకి చేరగానే చివరి నుంచి ఒక్కొక్కరే వదిలి పక్కకు తప్పుకోవాలి, ఒకరు తడబడితే అందరూ పడతారు. హిమసంపాతం వచ్చి తీగెను తెంచినా మళ్ళీ కట్టుకోవచ్చు. రోకా జాక్ వాలు మీద ఇప్పటికీ నడుస్తున్న ఆ లిఫ్టు తొలిసారి వెళ్ళేవారిని హడలెత్తిస్తుంది. అయినా అక్కడి నేలకు ఇంతకంటే తెలివైన పరిష్కారం లేదనే చెప్పాలి.

1966 ఆగస్టులో పోటీలు జరిగాయి. దక్షిణార్ధగోళంలో ఆల్పైన్ స్కీ ప్రపంచ పోటీలు జరగడం అదే మొదలు, నేటి వరకు అదే చివర. ఇరవైనాలుగు పతకాల్లో పదహారు ఫ్రాన్సు గెలుచుకుంది, జాన్ క్లోద్ కిలీ అనే యువకుడి పేరు లోకమంతా మోగింది. అయితే ఈ చరిత్రకు పతకాల కన్నా ముఖ్యమైన పర్యవసానం ఒకటుంది. ఉత్తర దేశాల జట్లు ఆగస్టులో అసలైన చలికాలపు మంచు మీద సాధన చేయవచ్చని కళ్ళారా చూశాయి. అప్పటి దాకా వేసవిలో వారికి ఆల్ప్స్ హిమానీనదాలే, అంటే కొండలపై ఏడాది పొడుగునా కరగక మెల్లగా జరిగే మంచు ప్రవాహాలే, గతి. ఆ తర్వాత ఏటా ఏదో ఒక జాతీయ జట్టు పోర్తియోకు వచ్చి వారాల పాటు మకాం వేయడం ఆనవాయితీ అయింది. అతివేగపు స్కీయింగ్‌లో గంటకు రెండువందల కిలోమీటర్ల హద్దును మొదటిసారి దాటిన అమెరికన్ స్టీవ్ మెకిన్నీ 1978 అక్టోబరు 1న ఆ ఘనత సాధించింది కూడా పోర్తియో వాలు మీదనే. ఆ మరుసటి ఏడాదే అసలు ఈ చోటును లోకానికి పరిచయం చేసిన రైలుమార్గంలో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. 1984లో సరకుల బండ్లూ ఆగాయి.

ఆండీస్‌కు తూర్పున, అర్జెంటీనా పటగోనియాలోని బరిలోచే కథలో రాజకీయం ఎక్కువ. చిలీతో సరిహద్దు తగాదాలు ఎప్పుడూ రాజుకుంటూ ఉండే ఆ ప్రాంతంలో జనం స్థిరపడాలని, అది తమదేనని లోకానికి తెలియాలని అర్జెంటీనా ప్రభుత్వం కోరుకుంది. 1931లో ఓట్టో మైలింగ్ తదితరులు అక్కడ పర్వతారోహణ సంఘం పెట్టారు. 1934లో రైలు చేరింది, అదే ఏడాది జాతీయ ఉద్యానవనాల శాఖ ఏర్పడి ఎక్సెకియెల్ బుస్తీయో చేతుల్లోకి వచ్చింది. ఆయన పిలుపు మీద 1936లో వచ్చిన ఆస్ట్రియా నిపుణుడు హాన్స్ నోబ్ల్ చుట్టుపక్కల కొండలన్నీ తిరిగి, కాతెద్రాల్ కొండ స్కీయింగ్‌కు తగినదని తేల్చాడు. బుస్తీయో సోదరుడు, వాస్తుశిల్పి అలెహాంద్రో బుస్తీయో కట్టిన యావో యావో హోటల్ 1938లో తెరుచుకొని, మరుసటి ఏడాదే అగ్నికి ఆహుతై, 1940లో మళ్ళీ లేచింది. దేశభక్తి, పర్యాటకం ఇంతగా కలగలిసిన స్కీ కేంద్రం మరొకటి కనబడదు.

న్యూజిలాండ్‌లో ప్రభుత్వం కన్నా సంఘాలు ముందు నడిచాయి. ఉత్తర దీవిని పొడుగునా కలిపిన ప్రధాన రైలుమార్గం 1908లో పూర్తయ్యాక రువపేహు అగ్నిపర్వతం అందుబాటులోకి వచ్చింది. 1913లో బిల్ మీడ్, బెర్నార్డ్ డ్రేక్ అనే ఇద్దరు అక్కడ స్కీ సంఘాన్ని స్థాపించారు. దక్షిణ దీవిలో క్వీన్స్‌టౌన్ దగ్గరి కొరొనెట్ పీక్ 1947లో తెరుచుకుంది. జెట్ పడవ కనిపెట్టినవాడిగా పేరొందిన బిల్ హామిల్టన్ అక్కడి తాడులిఫ్టును తయారు చేశాడు. ఈ తాడులిఫ్టు పనితీరు తెలుసుకోదగ్గది. వాలు పొడుగునా కప్పీల మీదుగా తాడు ఆగకుండా పరుగెడుతుంటుంది. స్కీయరు నడుముకు కట్టుకున్న పట్టీ నుంచి వేలాడే ఇనుప పనిముట్టు అచ్చం అడకత్తెరలా ఉంటుంది. తాడును ముందు చేత్తో పట్టుకొని, దాని వేగం అందుకోగానే రెండో చేత్తో ఆ పనిముట్టును తాడు మీద వేసి మూయాలి. మూసిన పిడితో సహా కప్పీ మీదుగా దాటేటప్పుడు వేళ్ళు దూరంగా ఉంచుకోవాలి. తాడు రాపిడికి చేతితొడుగులు ఒక్క రోజులో అరిగిపోతాయి గనుక వాటి మీద తోలు తొడుగు మరొకటి వేసుకుంటారు. క్రైగీబర్న్, బ్రోకెన్ రివర్ వంటి సంఘ మైదానాల్లో సభ్యులే పలుగూపారా పట్టి కట్టుకున్న ఈ లిఫ్టులు నేటికీ నడుస్తున్నాయి. డబ్బున్న యాత్రికులకు మరొక దారి 1955లో తెరుచుకుంది. ఆ ఏడాది హ్యారీ విగ్లీ తన చిన్న విమానానికి చక్రాలతో పాటు ముడుచుకొనే స్కీలు కూడా అమర్చి టాస్మన్ హిమానీనదం మీద దింపాడు.

ఇన్ని కేంద్రాలున్నా, జెట్ విమానం రాక ముందు ఉత్తరాది మనిషికి ఇది యాత్ర కాదు, వలస. లండన్ నుంచి సిడ్నీకి ఓడలో అయిదారు వారాలు పట్టేది. రెండు నెలల మంచు కోసం మూడు నెలలు సముద్రం మీద గడపగలిగినవారు స్కీ గురువులో, పుట్టుసంపన్నులో అయి ఉండాలి. క్వాంటాస్ 1959లో సిడ్నీ నుంచి సాన్ ఫ్రాన్సిస్కోకు జెట్ విమానాలు నడపడంతో లెక్క మారింది. దక్షిణ అమెరికాకూ ఇంచుమించు అదే కాలంలో జెట్లు వచ్చాయి. దూరం వారాల నుంచి గంటలకు కుదించుకుపోయాక, దక్షిణాదిలో నెల రోజుల మకాం ఒక ఉద్యోగి కలల్లోకి కూడా వచ్చింది. 1983లో అర్జెంటీనాలో లాస్ లేన్యాస్, 1988లో సాన్తియాగో పైన వాయే నెవాదో, 1999లో ప్రపంచపు దక్షిణ కొసన ఉషువాయా దగ్గర సెర్రో కాస్తోర్ వెలిశాయి. ఇవి గనికో రైలుకో ఆనుకొని పెరిగినవి కావు, స్కీయింగ్ కోసమే కట్టినవి. 2015లో అమెరికాకు చెందిన వేల్ రిసార్ట్స్ ఆస్ట్రేలియాలోని పెరిషర్ స్కీ కేంద్రాన్ని కొన్న తర్వాత, కొలరాడోలో చెల్లే చీటీ పెరిషర్‌లోనూ చెల్లడం మొదలైంది. రెండు అర్ధగోళాల చలికాలాలు ఒకే చందాలో ఇమిడిపోయాయి.

యాత్ర పథకం వేసుకొనేటప్పుడు ఈ చరిత్ర ఎక్కడెక్కడ అడ్డుతగులుతుందో చూడవచ్చు. ఒంటరి హోటల్‌గా పుట్టిన పోర్తియోలో రోజుకొక గది అద్దెకు తీసుకొనే పద్ధతి నిలదొక్కుకోలేదు. శనివారం చేరి మరుసటి శనివారం వెళ్ళే వారపు మకామే ఆ చోటి సంప్రదాయం. తుపాను వచ్చి మెలికల రోడ్డు మూతపడితే అంతా లోపలే ఉండిపోతారు గనుక ఆ పద్ధతిలో యజమానికీ అతిథికీ ఇద్దరికీ మేలుంది. న్యూజిలాండ్‌లో ఇందుకు పూర్తిగా భిన్నం. దక్షిణ దీవి పెద్ద మైదానాల్లో చాలావాటికి కొండ మీద బస లేదు. క్వీన్స్‌టౌన్, వానాక వంటి ఊళ్ళలో ఉండి పొద్దున్నే కారు చక్రాలకు గొలుసులు వేసుకొని, అంచున కంచె లేని కొండరోడ్డెక్కాలి. అక్కడ ముందు బేరమాడవలసింది గదికన్నా వాహనాన్ని. ఆస్ట్రేలియాలో జూన్ రెండో వారాంతం నుంచి అక్టోబరు మొదటి వారాంతం దాకా కాలమని ప్రకటిస్తారు గాని, అక్కడి అత్యున్నత శిఖరం కోషియస్కోయే 2,228 మీటర్లు. స్పెన్సర్స్ క్రీక్ దగ్గర 1954 నుంచి కొలుస్తున్న మంచు లోతు 1981లో 361 సెంటీమీటర్ల దాకా పెరిగింది, మరికొన్ని ఏళ్ళలో అందులో సగం కూడా లేదు.

వేడెక్కుతున్న వాతావరణం ఈ పథకాలను మరింత బిగిస్తోంది. బొలీవియాలోని చకల్తాయాలో 1930ల చివర మోటారు కారు ఇంజనుతో లిఫ్టు నడిపి, ప్రపంచంలోనే అత్యంత ఎత్తైన స్కీ మైదానమని పేరు తెచ్చుకున్న హిమానీనదం 2009 నాటికి పూర్తిగా కరిగిపోయింది. నడి చిలీలో 2010 నుంచి కరవు వెన్నాడుతోంది. రువపేహులో లిఫ్టులు నడిపే సంస్థ 2022లో అప్పులపాలైంది, అక్కడి షటో టొంగరీరో హోటల్ 2023లో మూతపడింది. కియాండ్రాకు దగ్గర్లో ఉన్న సెల్విన్ స్కీ కేంద్రం 2020 జనవరి కార్చిచ్చులో తగలబడి, 2023లో గాని తిరిగి తెరుచుకోలేదు.

అందువల్ల నేడు రెండు మూడు నెలల యాత్ర తలపెట్టేవారికి అనువైన వరుస ఒకటుంది. ఆస్ట్రేలియా కొండలు పొట్టివి, అక్కడ మంచు బాగా పడేది జులై చివర నుంచి ఆగస్టు దాకా. కనుక ముందు అక్కడికి వెళ్ళి, బడిసెలవుల రద్దీ తగ్గాక ఆగస్టులో న్యూజిలాండ్ చేరి, ఎత్తు వల్ల మంచు ఎక్కువ కాలం నిలిచే ఆండీస్‌ను సెప్టెంబరుకు అట్టిపెడతారు. ఆక్లాండ్ నుంచి సాన్తియాగోకు నేరు విమానం ఉంది. అంతర్జాతీయ దినరేఖను తూర్పుగా దాటడం వల్ల, శుక్రవారం సాయంత్రం ఆక్లాండ్‌లో ఎక్కినవారు అదే శుక్రవారం, గడియారం ప్రకారం ఎక్కిన వేళకన్నా ముందే, సాన్తియాగోలో దిగుతారు. ఆ రాత్రికి నగరంలో గది తప్పనిసరిగా ముందే తీసుకోవాలి. శనివారం పోర్తియో బస్సు పొద్దున్నే బయలుదేరుతుంది.